మూడు రోజుల సెలవుకు మూడు దేశాలెందుకు? బాంబెర్గ్ వెళ్లండి

ప్రశ్న: నేను, మా వారు మ్యూనిక్‌లో ఉద్యోగాలు చేస్తున్నాం. జూన్‌లో మా అమ్మానాన్నలు దుగ్గిరాల నుంచి మొదటిసారి ఇక్కడికి వస్తున్నారు. నాన్న వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఏకబిగిన అరగంట నడవడమే కష్టం. గుడ్డు కూడా ముట్టదు. మా ఇద్దరికీ కలిసి దొరికే సెలవు ఒక్క శుక్రవారమే, శని ఆదివారాలతో కలిపితే మూడు రోజులు. మా వారి ప్రణాళిక ఇది: శుక్రవారం నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట, శనివారం ప్రాగ్ వెళ్లి రాత్రికి తిరిగి రావడం, ఆదివారం సాల్జ్‌బర్గ్. నాకేమో ఏదైనా ఒక పాత ఊళ్లో రెండు రాత్రులు ప్రశాంతంగా ఉంటే బాగుండనిపిస్తోంది. "అంత దూరం నుంచి వచ్చినవాళ్లకి ఒక్క చిన్న ఊరు చూపించి పంపిస్తే మీ వాళ్లేమనుకుంటారు?" అంటారాయన. ఏం చేయమంటారు? ఊరు పేరు కూడా మీరే చెప్పండి. ఇంకో మాట, అమ్మ చీరే కడుతుంది, బూట్లు వేసుకోనంటోంది.
– ఒక పాఠకురాలు, మ్యూనిక్

సమాధానం: మీ వారు వేసిన ప్రణాళికలో రైలు గంటలు మాత్రం ఒకసారి కూడి చూడండి. మ్యూనిక్ నుంచి కోటకు దగ్గరి స్టేషన్ ఫ్యూసెన్‌కు రెండు గంటలు, తిరిగి రెండు గంటలు. ప్రాగ్‌కు ఒకవైపే అయిదున్నర గంటలకు పైగా పడుతుంది. అంటే శనివారం పదకొండు గంటలు రైల్లోనే. సాల్జ్‌బర్గ్ దగ్గరే కానీ, ముందు రెండు రోజులు ఇలా గడిచాక మూడో రోజు పొద్దున్నే మీ అమ్మగారిని లేపడం మీ వంతు అవుతుంది, ఆయన వంతు కాదు.

ఆ కోట సంగతి విడిగా చెప్పాలి. టికెట్ మీద వేసిన సమయానికే లోపలికి పంపుతారు, ఆలస్యమైతే అంతే సంగతులు. కొండ ఎక్కడానికి గుర్రపు బండి, బస్సు ఉన్నాయి కానీ, రెండూ దింపేసిన చోటు నుంచి ఇంకా నడవాలి. లోపల ఎక్కడానికి, దిగడానికి కలిపి మూడు వందలకు పైగా మెట్లు. అంతా చేస్తే గదుల్లో చూపించేది అరగంట. మోకాళ్లు బాగున్నవాళ్లకు సరే. మీ అమ్మగారికి నేనైతే చెప్పను.

ఇక "ఏమనుకుంటారు" అన్నది. అల్లుడు అత్తమామల విషయంలో అలా ఆలోచించడం మంచి లక్షణమే, తప్పు పట్టను. కానీ ఆ మాట అసలు మీ అమ్మానాన్నల గురించి కాదు, ఊళ్లో "ఏమేం చూశారు?" అని అడగబోయే చుట్టాల గురించి. వాళ్లకి మూడు దేశాల పేర్లు చెప్పి రెండు నిమిషాల్లో ముగించవచ్చు. ఒక ఊళ్లో రెండు రాత్రులు పడుకుని, అక్కడి సంతలో కూరగాయలు బేరం చేసి, అక్కడి కాలువ లాకులు చూసి వస్తే మీ నాన్నగారు ఏడాది పాటు చెప్పుకుంటారు. మీ నాన్నగారి ఉద్యోగం, సొంత ఊరు రాశారు కాబట్టే నాకు బాంబెర్గ్ తట్టింది. లేకపోతే ఇంకో పేరు చెప్పేదాన్ని.

బాంబెర్గ్ బవేరియా రాష్ట్రంలోనే, ఉత్తరాన, ఫ్రాంకోనియా అనే ప్రాంతంలో రెగ్నిట్స్ నది మీద ఉంది. జనాభా సుమారు 80 వేలు. 1007లో హెన్రీ అనే రాజు ఇక్కడ బిషప్ పీఠం పెట్టాడు, తర్వాత చక్రవర్తి అయ్యాడు. ఊరి పాత భాగమంతా 1993 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. అంతకన్నా ముఖ్యం, ఇది నిజంగా పాత ఊరు. దగ్గర్లోని న్యూరెంబర్గ్ పాతబస్తీ 1945 జనవరిలో, వ్యూర్ట్స్‌బుర్గ్ అదే ఏడాది మార్చిలో బాంబులకు నేలమట్టమయ్యాయి. మీరు ఇప్పుడు అక్కడ చూసేదాంట్లో చాలా భాగం తర్వాత తిరిగి కట్టినదే. బాంబెర్గ్ పెద్దగా దెబ్బతినకుండా బయటపడింది. ఇళ్లు వంకరగా ఉన్నాయంటే నిజంగానే వయసు మీద పడి వంగాయి.

"అందరూ రోటెన్‌బుర్గ్ వెళ్తారు కదా" అని మీ స్నేహితులు అంటారు. వెళ్తారు, అదే దాని కష్టం. మధ్యాహ్నం బస్సుల్లో దిగిన జనంతో ఆ వీధులు కిక్కిరిసిపోతాయి. ప్రాకారం మీద నడకే అక్కడి ముచ్చట, అది మోకాళ్ల నొప్పులున్నవాళ్ల పని కాదు. పైగా చిన్న స్టేషన్లలో రైళ్లు మారాలి. బాంబెర్గ్‌లో విశ్వవిద్యాలయం ఉంది, ఆఫీసులు, బడులు ఉన్నాయి. పర్యాటకులు వెళ్లిపోయాక కూడా అది ఊరుగానే ఉంటుంది.

ప్రయాణం సులువు. మ్యూనిక్ నుంచి వేగంగా వెళ్లే ఐసీఈ రైలుకు రెండు గంటలకు అటూఇటూ. ముందుగా కొంటే టికెట్ ధర బాగా తగ్గుతుంది, సీట్లు మాత్రం విడిగా రిజర్వు చేయించండి, అమ్మగారిని నిలబెట్టి తీసుకెళ్లలేరు కదా. ఖర్చు తగ్గించుకోవాలంటే బయర్న్ టికెట్ అనే ఒకరోజు టికెట్ ఉంది. న్యూరెంబర్గ్ మీదుగా ప్రాంతీయ రైళ్లలో మూడు గంటలు పడుతుంది. ఒకే టికెట్ మీద అయిదుగురి దాకా వెళ్లవచ్చు, ఆ రోజు అక్కడి సిటీ బస్సులకూ అదే పనిచేస్తుంది. అయితే మామూలు రోజుల్లో ఉదయం తొమ్మిది తర్వాతే చెల్లుతుంది, శని ఆదివారాల్లో ఆ నిబంధన లేదు. మీ ఇద్దరి దగ్గర దేశమంతా ప్రాంతీయ రైళ్లలో చెల్లే నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ ఇప్పటికే ఉంటే, పెద్దవాళ్లిద్దరికీ మాత్రమే బయర్న్ టికెట్ తీసుకుంటే చాలు. నా మాట వింటే, వెళ్లేటప్పుడు ఐసీఈ, వచ్చేటప్పుడు మీ ఓపికను బట్టి.

బస ఎక్కడన్నది ఈ ప్రయాణంలో అన్నిటికన్నా పెద్ద నిర్ణయం. నది ఇక్కడ రెండు పాయలుగా చీలుతుంది, మధ్యలో ఉన్న దీవి మీద ఊరి నడిబొడ్డు ఉంది. చదునైన నేల, సంత దగ్గర, నది దగ్గర, బస్సులన్నీ కలిసే చోటూ అక్కడే. కొండ మీద అందమైన గదులు చవగ్గా కనిపించినా మోసపోకండి, రాళ్లు పరిచిన ఏటవాలు దారిలో పెట్టెలు లాక్కుంటూ ఎక్కాలి. దీవి మీద వంటగది ఉన్న చిన్న ఇల్లు అద్దెకు తీసుకోండి. ప్రకటనలో లిఫ్ట్ అని రాసి ఉందో లేదో చూడండి. రాసి లేకపోతే లేనట్టే, మూడు వందల ఏళ్ల నాటి ఇంటికి లిఫ్ట్ ఎక్కడి నుంచి వస్తుంది? ఏసీ కూడా దాదాపుగా ఉండదు. జూన్‌లో ఎండలు ముదిరే రోజులుంటాయి కాబట్టి పై అంతస్తులో వాలు కప్పు కింద గది వద్దు. రైల్వే స్టేషన్ నుంచి దీవికి నడవగల దూరమే కానీ, పెట్టెలతో వద్దు, బస్సో టాక్సీయో ఎక్కండి.

శుక్రవారం మధ్యాహ్నానికి చేరతారు. ఆ రోజు ఇంకేమీ పెట్టుకోకండి. అమ్మగారు కాసేపు నడుం వాల్చాక గ్ర్యూనర్ మార్క్ట్ అనే సంత వీధికి తీసుకెళ్లండి. ఆదివారం తప్ప రోజూ కూరగాయలు, పళ్లు, పూలు అమ్ముతారు. జూన్‌లో స్ట్రాబెర్రీలు, చెర్రీలు బాగుంటాయి. తెల్ల ఆస్పరాగస్ 24వ తేదీ దాకా దొరుకుతుంది, ఆ రోజు సెయింట్ జాన్ పండుగ, దాంతో కోత ఆపేయడం ఇక్కడి ఆనవాయితీ.

సంత నుంచి కొద్ది అడుగుల్లో పాత టౌన్‌హాలు. ఊరి బొమ్మ ఏది చూసినా ఇదే ఉంటుంది, నది మధ్యలో, రెండు వంతెనల మీదుగా నిలబడిన భవనం. కొండ బిషప్పుది, దీవి వ్యాపారులది. టౌన్‌హాలు కట్టుకోవడానికి బిషప్ చారెడు నేల కూడా ఇవ్వనంటే, ఊరివాళ్లు నదిలోనే దుంగలు పాతి కట్టుకున్నారని కథ. ఇప్పుడు కనిపించే రూపం పద్దెనిమిదో శతాబ్దం నాటిది, గోడల మీద బొమ్మలు 1755లో యోహాన్ ఆన్వాండర్ అనే చిత్రకారుడు వేశాడు. స్తంభాలు, విగ్రహాలు, గూళ్లు అన్నీ చదునైన గోడ మీద రంగులతో వేసిన భ్రమ. ఒక్కటి మాత్రం భ్రమ కాదు. కింది వరుసలో ఉన్న బాలదేవదూత కాలొకటి నిజంగానే గోడలోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, అరుగు మీద కూర్చుని కాలు ఊపుతున్న పిల్లాడిలా. ఒళ్లంతా రంగు, కాలు మాత్రం గచ్చు. ముందే చెప్పకుండా దాన్ని వెతకమని మీ నాన్నగారికి అప్పగించండి. భవనం మొత్తంగా కనిపించాలంటే గయెర్స్‌వ్యోర్త్ అనే చిన్న కాలిబాట వంతెన మీద నిలబడాలి.

అక్కడే ఒక చీకటి విషయం కూడా ఉంది, చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేనైతే చెబుతాను, ఎందుకంటే ఊరు ఎంత ముద్దుగా ఉంటే అంత అనుమానించాలన్నది నా పద్ధతి. 1626 నుంచి 1631 దాకా ఇక్కడి బిషప్ పాలనలో మంత్రగత్తెలన్న నెపంతో వందల మందిని చిత్రహింసలు పెట్టి చంపారు. ఆడవాళ్లనే కాదు, ఊరి మేయర్లలో ఒకరైన యోహానెస్ యూనియుస్‌ను కూడా. 1628లో ఆయన నలిగిన చేతులతో చెరసాల నుంచి కూతురు వెరోనికాకు దొంగచాటుగా ఉత్తరం రాశాడు. తాను ఏ పాపం ఎరగనని, హింస తట్టుకోలేక కథలు కల్పించి ఒప్పుకున్నానని. ఆ ఉత్తరం ఇప్పటికీ ఈ ఊళ్లోనే భద్రంగా ఉంది. నది ఒడ్డున, గయెర్స్‌వ్యోర్త్ దగ్గర ఆ మృతుల స్మారకం ఉంది.

జూన్‌లో తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. భోజనం చేశాక కింది వంతెన మీదికి రండి. ఒకవైపు టౌన్‌హాలు, ఇంకోవైపు "చిన్న వెనిస్" అని పిలిచే పాత జాలరి ఇళ్ల వరుస, ఒక్కో ఇంటికి నీటి అంచున బుల్లి తోట, పడవ కట్టుకునే చోటు. విద్యార్థులు గుంపులుగా చేరి సీసాలు పట్టుకుని కూర్చుంటారు, అల్లరి ఉంటుంది కానీ ఎవరి జోలికీ రారు. పగటి పర్యాటకులకు దొరకనిది ఈ వేళే. రాత్రి అక్కడే ఉండమంటున్నది ఇందుకే.

శనివారం ఉదయం కొండ మీది కెథడ్రల్. నడిచి ఎక్కవద్దు, సిటీ బస్సు సరిగ్గా దాని ముందరి మైదానంలోనే దింపుతుంది. దిగేటప్పుడు కూడా బస్సే, మోకాళ్ల నొప్పికి ఎక్కడం కన్నా దిగడమే ఎక్కువ ప్రమాదం. కెథడ్రల్‌కు నాలుగు శిఖరాలు. మొదటిది 1012లో ప్రతిష్ఠించారు, అది కాలిపోయి, తిరిగి కట్టినదీ కాలిపోయి, ఇప్పుడున్నది 1237 నాటిది. చెప్పులు విప్పనవసరం లేదని అమ్మగారికి గుమ్మంలోనే చెప్పండి, లేకపోతే ఆవిడ విప్పేస్తారు, లోపలి రాతి నేల జూన్‌లో కూడా చల్లగా ఉంటుంది. కొవ్వొత్తి వెలిగించాలనుకుంటే పెట్టెలో నాణెం వేసి వెలిగించవచ్చు, ఏ మతం వాళ్లని ఎవరూ అడగరు.

లోపల చూడాల్సినవి చాలా ఉన్నాయి, మీరు ఒక్కటి చూడండి. నడిమండపంలో చక్రవర్తి రెండో హెన్రీ, ఆయన భార్య కునిగుండెల సమాధి. టిల్మన్ రీమెన్‌ష్నైడర్ అనే శిల్పి 1499 నుంచి 1513 దాకా చెక్కాడు. పైన దంపతులు పడుకుని ఉంటారు, అందరూ వాళ్ల ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. అసలు సరుకు పక్కల ఉంది, కొంచెం వంగి చూడాలి. ఒక పలకలో మహారాణి కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, ఎర్రగా కాల్చిన నాగటి కర్రుల మీద నడుస్తూ ఉంటుంది. ఆమె శీలం మీద నింద పడింది, నిప్పు మీద నడిచి నిరూపించుకోమన్నారు. భర్త చూస్తున్నాడు. ఈ కథ మీ అమ్మగారికి మీరు వివరించే పని లేదు. కాల్చింది నాగటి కర్రులని మాత్రం చెప్పండి, నాగటి చాలులో దొరికిన సీతమ్మ గుర్తొచ్చి ఆవిడే మీకు రెండు మాటలు చెబుతారు. కొంచెం పక్కన ఇంకో పలకలో హెన్రీకి మూత్రాశయంలో రాయి. ఆయన నిద్రపోతుండగా బెనెడిక్ట్ అనే పునీతుడు వచ్చి రాయి తీసి చేతిలో పెడతాడు. మరో పలకలో కునిగుండె కూలీలకు తన చేత్తో జీతం పంచుతుంది, తనకు రావలసినదాని కన్నా ఎక్కువ తీసుకోబోయినవాడి చేయి కాలుతుంది. అయిదు వందల ఏళ్ల నాటి రాతి మీద నింద, జబ్బు, కూలి డబ్బు. యూరప్ కళాఖండాలు మన పెద్దవాళ్లకు అర్థం కావని అనేవాళ్లను ఈ సమాధి దగ్గరికి తీసుకెళ్లాలి.

స్తంభానికి ఆనుకుని గుర్రం మీద కూర్చున్న రౌతు విగ్రహం ఉంటుంది. పదమూడో శతాబ్దపు రాయి, జర్మనీ అంతటా పేరున్నది, ఎవరి విగ్రహమో మాత్రం నేటికీ తేలలేదు. పశ్చిమ చివర రెండో క్లెమెంట్ సమాధి, జర్మనీలో ఉన్న ఏకైక పోపు సమాధి అది. ఈ రెండూ దారిలోనే కనిపిస్తాయి. ఆదివారం ఉదయం ప్రార్థనలు జరుగుతాయి, ఆ సమయంలో తిరిగి చూడనివ్వరు కాబట్టి శనివారమే ముగించుకోండి.

కెథడ్రల్ ఎదురుగా బిషప్పుల కొత్త భవనం. దాని గదుల్ని వదిలేసినా నష్టం లేదు, వెనకాల గులాబీ తోట మాత్రం వదలవద్దు. జూన్ దానికి సరైన నెల. కూర్చోవడానికి బల్లలున్నాయి, చిన్న కాఫీ దుకాణం ఉంది, గోడ అంచు నుంచి కిందనున్న ఊరంతా ఎర్ర పెంకుల కప్పులుగా పరుచుకుని ఉంటుంది. అమ్మగారిని అక్కడ గంటసేపు కూర్చోబెట్టండి. పక్క కొండ మీది సెయింట్ మైకేల్ మఠం చర్చి కప్పు మీద 578 రకాల మొక్కలు చిత్రించి ఉన్నాయి, మీ నాన్నగారికి పండుగే. కానీ ఆ చర్చిని మరమ్మతుల కోసం 2012లో మూసి ఏళ్ల తరబడి అలాగే ఉంచారు. తెరిచి ఉందని ఊరి పర్యాటక కేంద్రంలో రూఢి చేసుకున్నాకే కొండ ఎక్కండి.

మధ్యాహ్నం మీ నాన్నగారిది. యునెస్కో గుర్తించిన ప్రాంతంలో మూడు భాగాలున్నాయి: కొండ, దీవి, తోటమాలుల పేట. మూడో దానికి పర్యాటకులు పెద్దగా పోరు. స్టేషన్‌కూ దీవికీ మధ్య చదునుగా ఉన్న వీధులు. వీధి వైపు చూస్తే ఒకదానికొకటి అతుక్కున్న మామూలు ఇళ్లు, బండి పట్టే పెద్ద తలుపులు. ఆ తలుపుల వెనక, పట్టణం మధ్యలో, పొలాలు! వందల ఏళ్లుగా ఈ కుటుంబాలు అక్కడ ఉల్లి, వెల్లుల్లి, ముల్లంగి, విత్తనాలు పండించి దూరదేశాలకు పంపేవి. అతిమధురం కూడా ఇక్కడ పెద్ద పంట. వేరు తెగకుండా మొత్తంగా తవ్వి తీయగలిగితేనే తోటపనిలో చేయి తిరిగినట్టని చెబుతారు. అంతరించిపోయిన ఆ పంటను ఈ మధ్య మళ్లీ కొందరు వేస్తున్నారు. ఈ ఊరివాళ్లను చుట్టుపక్కలవాళ్లు "ఉల్లి తొక్కేవాళ్లు" అని ఆటపట్టిస్తారు. ఉల్లి కాడలు ఏపుగా పెరిగాక, కాళ్లకు పలకలు కట్టుకుని మడి మీద నడిచి కాడల్ని పడగొట్టేవారు, బలమంతా గడ్డకు పడుతుందని. ఇది మన దగ్గరా ఉందో లేదో, మంచిదో కాదో మీ నాన్నగారే తేల్చాలి, ఆయన శాఖ విషయం. అదే పేటలో తోటమాలుల మ్యూజియం ఉంది, ఒక పాత తోటమాలి ఇల్లు, పెరడుతో సహా. వేసవి నెలల్లో తెరుస్తారు.

తిండి విషయం మొహమాటం లేకుండా చెబుతాను: ఫ్రాంకోనియా వంట అంటే పంది మాంసం. మీరు ఆ దేశంలోనే ఉంటున్నారు కాబట్టి జర్మన్లు "వెజిటేరియన్" అంటే అందులో గుడ్డు ఉంటుందని తెలిసే ఉంటుంది. చీజ్ వేసిన ష్పెట్స్‌లె అనే నూడుల్స్ చూడటానికి నిరపాయంగా ఉంటుంది, దాని పిండి గుడ్డుతోనే కలుపుతారు. ఆస్పరాగస్ మీద పోసే పసుపుపచ్చ సాస్‌లో కూడా గుడ్డే, దాని బదులు కరిగించిన వెన్న అడగండి, మామూలుగా ఇస్తారు. కూరగాయల సూప్ అన్నది మాంసం ఉడికిన నీళ్లతో చేసి ఉండవచ్చు. ఊరి ప్రత్యేక వంటకం కూరిన ఉల్లిగడ్డ, లోపల కూరేది మాంసం. అందుకని హోటల్లో "వెగాన్" వంటకం ఏదుందో అడిగి, పాలు, వెన్న పర్వాలేదని తర్వాత చెప్పడం తేలిక. ఊళ్లో ఇండియన్ రెస్టారెంట్లు ఉన్నాయి కానీ, వంటగది ఉన్న ఇల్లు తీసుకోమన్నది దీనికే. మ్యూనిక్ నుంచి చిన్న రైస్ కుక్కర్, సోనా మసూరి, పచ్చడి సీసా తీసుకెళ్లండి. సంతలో "హోర్న్‌లా" అనే బంగాళాదుంపలు దొరికితే కొనండి, వేలంత సన్నగా, వంకరగా ఉంటాయి, ఈ ఊరి సొంత రకం. అవి పాత నిల్వ దుంపలైనా సరే. వేపుడుకు చక్కగా నిలబడతాయి, ముద్దవవు. అమ్మగారు పరాయి దేశపు సంత దుంపలతో రాత్రి వేపుడు చేస్తే ఆ పూట ఆవిడ అతిథి కాదు, అది చిన్న విషయమేమీ కాదు.

మీ వారికి, నాన్నగారికి అభ్యంతరం లేకపోతే ఈ ఊరి పొగ బీరు ఒక గ్లాసు రుచి చూడవచ్చు. మొలకెత్తిన బార్లీని బీచ్ అనే చెట్టు కట్టెల మంట మీద ఆరబెడతారు, ఆ పొగ వాసన బీరులో అలాగే దిగుతుంది. మామగారి ఎదుట అల్లుడు తాగాలా వద్దా అన్నది ఈ శీర్షిక పరిధిలోకి రాదు.

ఆదివారం దుకాణాలన్నీ మూసేస్తారు. సూపర్ మార్కెట్ కూడా ఉండదు కాబట్టి పాలు, పెరుగు శనివారం సాయంత్రమే తెచ్చుకోండి. ఉదయం దీవి దక్షిణపు కొసకు వెళ్లండి, హైన్ అనే పెద్ద పార్కు, చదునైన దారులు, పాత చెట్లు, నది పక్కనే బల్లలు. దానికి దగ్గర్లోనే వందో నంబరు లాకు. మైన్ నదిని డాన్యూబ్‌తో కలపాలని 1836లో మొదలుపెట్టి 1846కల్లా పూర్తిచేసిన లుడ్విగ్ కాలువకు ఇది చివరి లాకు. రైలు రావడంతో కాలువ వ్యాపారం పోయింది. ఈ లాకు తలుపులు మాత్రం ఇప్పటికీ చేత్తో తిప్పే యంత్రంతోనే నడుస్తాయి. దుగ్గిరాల లాకుల పక్కన పెరిగిన మనిషికి అక్కడ మీరు గైడు పని చేయవద్దు. నీళ్లు ఎటు నింపుతారో, తలుపులు ఏ వైపుకు ఎందుకు వాలి ఉంటాయో ఆయనే మీ వారికి చెబుతారు. అల్లుడికీ మామకూ మాట్లాడుకోవడానికి ఒక సంగతి దొరుకుతుంది.

ఓపిక ఉంటే రెగ్నిట్స్ మీద పడవ ప్రయాణం గంటకు పైగా సాగుతుంది, కూర్చుని ఊరు చూడటానికి అంతకన్నా సుఖం లేదు. టౌన్‌హాలుకు కొద్ది దూరంలో ఆమ్ క్రానెన్ అనే రేవు నుంచి బయలుదేరుతుంది. ఓపిక లేకపోతే పార్కులోనే కూర్చోండి.

ఇంత చెప్పాక కూడా, మోకాళ్ల సంగతి మీరు రాసినదానికన్నా తీవ్రమైతే, ఏటవాలు దారులు అసలే వద్దని డాక్టరు చెప్పి ఉంటే, రేగెన్స్‌బుర్గ్ చూడండి. అక్కడా రాళ్లున్నాయి కానీ కొండ లేదు, మ్యూనిక్ నుంచి గంటన్నర. డాన్యూబ్ మీద 1146 నాటికి పూర్తయిన రాతి వంతెన ఇప్పటికీ నడకకు వాడుతున్నారు, క్రీస్తుశకం 179 నాటి రోమన్ కోట ద్వారం ముక్క ఒక ఇంటి గోడలో కలిసిపోయి కనిపిస్తుంది, ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1630లో కన్నుమూసింది ఆ ఊళ్లోనే. మంచి ఊరు. మీ నాన్నగారి కోసం మాత్రం నా ఓటు బాంబెర్గ్‌కే.

చీర గురించి అడిగారు. నిరభ్యంతరంగా కట్టుకోవచ్చు, నూలు చీర అయితే మేలు, కుచ్చెళ్లు ఒక అంగుళం పైకి కట్టుకుంటే రాళ్ల మీద అంచు కాళ్లకు అడ్డం పడదు. బూట్ల విషయంలో మాత్రం రాజీ పడకండి. జారే చెప్పులతో ఆ వీధుల్లో కాలు మడత పడితే మూడు రోజులూ గదిలోనే. లేసులు కట్టుకునేవి వద్దంటే, వెల్క్రో పట్టీ ఉన్న మెత్తటి అడుగు బూట్లు మ్యూనిక్‌లోనే కొని, ప్రయాణానికి వారం ముందు నుంచి ఇంట్లో వేయించి అలవాటు చేయండి. చేతికర్ర వెంట ఉంచండి, ఆవిడ వద్దన్నా సరే. బయట మరుగుదొడ్లకు చిల్లర నాణేలు కావాలి, ఒక చిన్న సంచిలో వేసి అమ్మగారి చేతికే ఇవ్వండి, ప్రతిసారీ కూతుర్ని అడగడం ఆవిడకి ఇబ్బంది. కుళాయి నీళ్లు తాగవచ్చు, సీసా నింపుకోండి. హోటల్లో నీళ్లడిగితే గ్యాస్ నీళ్లు తెచ్చిపెడతారు, ముందే "స్టిల్" అనండి.

ఆదివారం సాయంత్రం రైళ్లు కిటకిటలాడతాయి, నాలుగు లోపలే బయలుదేరండి. కార్పస్ క్రిస్టీ అనే క్రైస్తవ పండుగ సెలవు ఎక్కువ ఏళ్లలో జూన్‌లోనే, గురువారం వస్తుంది, మీరు అడిగిన శుక్రవారం దాని మరుసటి రోజే అయితే బవేరియాలో సగం మంది అదే సెలవు పెట్టి ఉంటారు, గదుల ధరలు కూడా పెరుగుతాయి. కుదిరితే వారం అటో ఇటో మార్చుకోండి. కుదరకపోతే ఇల్లు ఈ వారమే బుక్ చేయండి, లిఫ్ట్ ఉన్నవి ముందు అయిపోతాయి.